పులిహోర డబ్బా... పది మైళ్ల పడవ!

కరెంట్ నది! పేరు వినగానే మనవాళ్లకు నవ్వొస్తుంది. ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనని ఓ జోకు కూడా పేలుతుంది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఓజార్క్ కొండల నడుమ నిజంగానే ఆ పేరుతో ఓ నది ఉంది. ఒకప్పుడు ఆ ప్రాంతంలో తిరిగిన ఫ్రెంచివాళ్లు ‘పరుగులు తీసే నది’ అని అర్థం వచ్చేలా తమ భాషలో దానికో పేరు పెట్టుకున్నారు. ఆ మాటే ఇంగ్లిషువాళ్ల నోట్లో పడి కరెంట్ అయింది. అంతకుమించి విద్యుత్తుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాటకొస్తే, ఆ నది మీద జలవిద్యుత్తు కోసం ఆనకట్టలు కట్టాలన్న ఆలోచనలు వచ్చినా సాగలేదు కూడా.

అక్కడివాళ్లకు ఆదివారం వచ్చిందంటే ఆ నదే సినిమా, ఆ నదే షికారు. ఇద్దరు పట్టే సన్నటి పడవ (కెనూ) అద్దెకు తీసుకోవడం, పొద్దున్నే నీళ్లలోకి దిగడం, ప్రవాహంతోపాటు కిందికి తేలుతూ పోవడం, మధ్యలో గులకరాళ్ల మేట మీద ఆగి తినడం, ఈత కొట్టడం, సాయంత్రానికి ఇంకో రేవులో ఒడ్డెక్కడం. దీన్నే వాళ్లు ‘ఫ్లోట్’ అంటారు. పోటీ కాదు, సాహసమూ కాదు. ఏటికి ఎదురీదే పనే లేదు. తెడ్డు ఉన్నది పడవను నడపడానికన్నా, దాన్ని దారిలో పెట్టడానికే!

ఈ ముచ్చట మనదాకా ఎందుకంటే... వేసవి రాగానే కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే అమ్మానాన్నలకు అమెరికాలో మొదటి నెల ఇట్టే గడిచిపోతుంది. సెయింట్ లూయిస్‌లో ఉన్నవాళ్లయితే 630 అడుగుల గేట్‌వే ఆర్చ్ ఎక్కిస్తారు, గుడికి తీసుకెళ్తారు, ఓ వారాంతంలో షికాగో చూపిస్తారు. ఆ తర్వాత? పిల్లలు ఆఫీసుకు, మనవలు స్కూలుకు. పెద్దవాళ్లు కిటికీలోంచి పచ్చికను చూస్తూ కూర్చోవడమే. అలాంటి ఇంట్లో ఓ శుక్రవారం రాత్రి ‘రేపు నది మీద వెళ్దాం’ అన్న మాట పుడుతుంది. మాట పుట్టడం తేలిక. మర్నాడు పొద్దున్నే ఎనిమిది మందీ కార్లెక్కేసి బయల్దేరడం కూడా తేలికే. చిక్కంతా అక్కడే. తేలిగ్గా కనిపించే నదికి కూడా ముందుగా ఓ గంటసేపు కూర్చుని లెక్క వేసుకోవాలి.

మొదటి లెక్క... నీళ్లు. ఓజార్క్ నదులన్నీ ఒకేలా ఉండవు. ఈ కొండల కింద ఉన్నది నీటికి కరిగే రాయి. వాన నీళ్లు బీటల్లోంచి లోపలికి ఇంకి, వేల ఏళ్లుగా రాతిని తినేసి గుహలూ సొరంగాలూ చేసుకుని, ఎక్కడో దూరంగా బుగ్గల రూపంలో పైకి తన్నుకొస్తాయి. మన బెలూం గుహల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మహానంది కోనేట్లో అడుగున పడ్డ నాణెం కూడా కనిపించేంత తేటగా నీళ్లు ఊరడం చూసినవాళ్లు, దాన్ని కొన్ని వందల రెట్లు పెంచి ఊహించుకుంటే చాలు. కరెంట్ నదికి ప్రాణం ఈ బుగ్గలే. వాన్ బ్యూరెన్ ఊరి దగ్గరున్న ‘బిగ్ స్ప్రింగ్’ ఒక్కటే సగటున రోజుకు 28.6 కోట్ల గ్యాలన్ల నీళ్లు పోస్తుంది. అంటే వంద కోట్ల లీటర్ల పైమాటే! అందుకే ఎండాకాలంలో కూడా ఆ నది ఎండదు. బుగ్గ నీళ్లు ఏడాది పొడవునా దాదాపు 14 డిగ్రీల దగ్గరే ఉంటాయి కాబట్టి, బయట 32 డిగ్రీల ఎండ కాస్తున్నా కాలు పెడితే జివ్వుమంటుంది.

పక్క రాష్ట్రం ఆర్కన్సాలోని బఫెలో నది తీరు వేరు. అందం మాటకొస్తే దానిదే పైచేయి అనేవాళ్లు చాలామంది. పాంకా నుంచి కిందికి వస్తుంటే 500 అడుగులకు పైగా నిలువునా లేచిన రాతి గోడలు కనిపిస్తాయి. కానీ ఆ పైభాగానికి వానలే దిక్కు. వసంతంలో పరుగులు పెట్టిన నది జులై వచ్చేసరికి అక్కడక్కడా గులకరాళ్ల మీద సన్నటి పాయగా మిగులుతుంది. అప్పుడు పడవ మనల్ని మోయదు, మనమే పడవను మోయాలి! వేసవిలోనే వెళ్లాలంటే టైలర్ బెండ్ నుంచి గిల్బర్ట్ దాకా ఉన్న ఆరు మైళ్ల లాంటి దిగువ భాగం ఎంచుకోవడం మేలు. తొలిసారి వెళ్లేవాళ్లకు, అందులోనూ అమ్మమ్మా తాతయ్యలతో వెళ్లేవాళ్లకు మాత్రం కరెంట్ నదే నమ్మకస్తురాలు.

రెండో లెక్క... దూరం. ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. కారులో పది మైళ్లంటే పది నిమిషాలు. నది మీద పది మైళ్లంటే పూట! తెడ్డు వేస్తూ పోతే గంటకు రెండు మూడు మైళ్లు సాగుతుంది. తిండి, ఈత, ఫొటోలు, పిల్లల బాత్రూం గొడవలు కలుపుకుంటే అంత కూడా సాగదు. ఏకర్స్ రేవు నుంచి పుల్‌టైట్ దాకా సుమారు పది మైళ్లు. ఉదయం తొమ్మిదింటికి దిగితే మూడు, నాలుగింటికి తేలతారు. ‘ఇంకో పది మైళ్లు వెళ్తే రౌండ్ స్ప్రింగ్ కూడా చూడొచ్చుగా’ అని హుషారుపడితే చీకటి పడేలోపు చేరడం కష్టం. మలుపు మలుపుకూ ‘అదిగో రేవు’ అనుకోవడం, అది కాకపోవడం... ఆ చివరి రెండు గంటలు ఎవరికీ సరదాగా ఉండవు. రబ్బరు రాఫ్టు తీసుకుంటే నడక ఇంకా నెమ్మది. పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, బోల్తా కొట్టదన్న ధైర్యమూ ఉంటుంది. కానీ పది మైళ్లను కాస్త తగ్గించుకోవాలి.

ఏకర్స్ - పుల్‌టైట్ మధ్యనున్న ఆ పది మైళ్లకు పేరు రావడానికి కారణాలున్నాయి. ఏకర్స్‌కు ఎగువనే వెల్చ్ స్ప్రింగ్ అనే పెద్ద బుగ్గ నదిలో కలుస్తుంది. దాంతో అక్కడి నుంచి పడవకు సరిపడా నీళ్లు ఉంటాయి. ఆ వెల్చ్ బుగ్గకో కథ ఉంది. 1913లో ఓ డాక్టరు దాన్ని కొన్నాడు. పక్కనున్న గుహలోంచి వచ్చే చల్లటి గాలి ఉబ్బసం రోగులకు మంచిదని నమ్మి అక్కడే ఆసుపత్రి కట్టించాడు. రోడ్లు లేని ఆ అడవిలోకి రోగులు ఎంతమంది వస్తారు? ఆయన పోయాక అదీ పోయింది. రాతిగోడలు మాత్రం మిగిలాయి. కానీ అది రేవుకు ఎగువన ఉంది కాబట్టి ఈ పది మైళ్లలో కనిపించదు. ఇంకోసారికి దాచుకోవాల్సిందే.

ఈ దారిలో కనిపించేది కేవ్ స్ప్రింగ్. దాదాపు సగం దూరం వచ్చాక ఎడమ ఒడ్డున కొండకు నోరు తెరిచినట్టు ఓ గుహ. నది నుంచి పడవను నేరుగా అందులోకి తిప్పేయొచ్చు! పదడుగులు లోపలికి వెళ్లగానే ఎండ ఆగిపోతుంది. ఏసీ గదిలోకి అడుగుపెట్టినట్టు చల్లదనం. మాట్లాడితే మాట తిరిగొస్తుంది. కింద నీళ్లు నీలంగా, నల్లగా... లోపలి బావి వందడుగులకు పైగా లోతు. అక్కడికి కాస్త దూరంలో, కొండ మీద, నేల కుంగి ఏర్పడ్డ ‘డెవిల్స్ వెల్’ అనే గొయ్యి ఉంది. దాని అడుగున ఓ పాతాళ సరస్సు. అందులో రంగు కలిపి చూస్తే, ఆ రంగు ఈ గుహలోనే బయటపడింది. పిల్లలకు జాగ్రఫీ పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి క్లాసురూము దొరకదు. వాళ్లు వినరనుకోండి, అది వేరే సంగతి.

పుల్‌టైట్ దగ్గర పడుతుండగా కుడి ఒడ్డున ఇంకో బుగ్గ, దాని పక్కన వందేళ్ల నాటి దుంగల ఇల్లు. అక్కడో పిండిమర ఉండేదట. ఆ కొండ ఎక్కేటప్పుడు బండి గుర్రాల పట్టెడలు బిగుసుకుపోయేవని, అందుకే ఊరికి ‘పుల్‌టైట్’ అని పేరొచ్చిందని చెబుతారు.

ఇక బండ్ల సంగతి. నది ఒకవైపే పారుతుంది. పడవ దిగిన చోట కారు ఉండదు! కొత్తవాళ్లకు ఇది రేవులో నిలబడ్డాకగానీ తట్టదు. దీనికి అక్కడ మంచి ఏర్పాటే ఉంది. పడవలు అద్దెకిచ్చేవాళ్లే వ్యానులో ఎక్కించుకెళ్లి పైరేవులో దింపుతారు. కారును ముందే కిందిరేవులో పెట్టేసుకుని, అక్కడి నుంచి వాళ్ల వ్యానులో పైకి వెళ్లడం అన్నిటికన్నా మేలు. అప్పుడు ఎవరికోసం ఎవరూ కాచుకోనక్కర్లేదు. ఎప్పుడు తేలితే అప్పుడే బయల్దేరొచ్చు. ఫోన్లో బుక్ చేసుకునేటప్పుడే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. వ్యాను ఖర్చు అద్దెలో కలిసిందా, చివరి ట్రిప్పు ఎన్నింటికి, ఎంత వయసు పిల్లల్ని ఎక్కనిస్తారు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, వానొస్తే డబ్బులు వెనక్కిస్తారా. నదికి మాత్రం ప్రవేశ రుసుము లేదు.

రోజు ఎంచుకోవడంలోనూ తెలివుంది. జూన్, జులైల్లో శనివారం వెళ్తే నది మీద పడవలకన్నా పాటల మోత ఎక్కువ. బీరు డబ్బాలతో కుర్రకారు గుంపులు గుంపులుగా తేలుతుంటుంది. అదే మంగళవారమో బుధవారమో అయితే కొంగలు, లకుముకి పిట్టలు, దుంగల మీద వరసగా ఎండ కాగుతున్న తాబేళ్లు. ఒక్కరోజు సెలవు పెట్టడానికి అబ్బాయి గొణుగుతాడు. పెట్టించాలి. నాలుగు గంటలు బీరు పాటలు విన్నాక అమ్మమ్మ ఏమంటుందో తల్చుకుంటే వాడే పెడతాడు.

తిండి దగ్గర మనవాళ్లకు సాటి లేదు. పులిహోర, దద్దోజనం, అప్పడాలు... ఇవన్నీ నది మీదికి భేషుగ్గా పనికొస్తాయి. ఒక్క చోటే చిక్కు. ఆవకాయ సీసా! ఈ నది మీద గాజు వస్తువులకు ప్రవేశం లేదు. పగిలిన సీసా పెంకు అందరూ చెప్పుల్లేకుండా నడిచే గులకరాళ్లలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. కాబట్టి ఆవకాయను ఇంటి దగ్గరే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాలి. థర్మోకోల్ ఐసు పెట్టెలు కూడా కుదరవు. మూత గట్టిగా బిగుసుకునే కూలరే ఉండాలి. పడవ తిరగబడినా అందులోవి బయటికి రాకూడదు. చెత్త వేసుకోవడానికి వల సంచీ ఒకటి పడవకే కట్టుకోవాలి. తాగేనీళ్లు మనిషికి రెండు సీసాల లెక్కన తక్కువ కాకుండా ఉండాలి, ప్లాస్టిక్‌వే. నది నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగడానికి కాదు.

బట్టల దగ్గర ఓ మాట ఖచ్చితంగా చెప్పుకోవాలి. చీర వద్దు. పడవ ఒరిగితే తడిసిన ఆరు గజాల బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది, కొమ్మకు తగులుకుంటుంది. అలవాటు లేదని అత్తగారు మొహమాటపడినా, ఆ ఒక్కరోజుకూ పంజాబీ డ్రెస్సు వేయించి, చున్నీ ఇంట్లోనే పెట్టించాలి. జీన్సు కూడా మంచిది కాదు, తడిస్తే బరువు. కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులో, పాత బూట్లో. హవాయి చెప్పులు వేసుకొచ్చినవాళ్లు మొదటి మేట దగ్గరే ఒకటి నదికి సమర్పించుకుంటారు. సెల్‌ఫోన్ నీళ్లు చొరబడని సంచీలో వేసుకోవాలి. ఎలాగూ ఆ లోయలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకే ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి తేలతారో, చీకటి పడ్డా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి వెళ్లాలి. కారు తాళం జేబులో కాదు, లోపలి సంచీకి తాడుతో కట్టాలి. నది అడుగున ఎన్ని తాళాలున్నాయో నదికే తెలుసు!

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటాలు, సరదాలు పనికిరావు. మిస్సోరీ చట్టం ప్రకారం పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక్కో జాకెట్ ఉండాలి. ఏడేళ్లలోపు పిల్లలైతే వేసుకునే తీరాలి. అంటే పెద్దవాళ్లు దాన్ని కూర్చునే దిండుగా వాడుకున్నా చట్టం ఊరుకుంటుంది. నది ఊరుకోదు. 2022 నవంబరులో ఇదే రాష్ట్రంలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణ విద్యార్థులిద్దరు మునిగి చనిపోయారు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు వెళ్లారు. ఒకరు నీళ్లలో ఇబ్బంది పడుతుంటే కాపాడబోయి రెండో అబ్బాయీ పోయాడు. అది నది కాదు, పెద్ద జలాశయం. కాలమూ వేరు. కానీ చల్లటి నీళ్లు, సెలవు రోజు సంతోషం, ఈత మీద అతినమ్మకమో అసలు ఈతే రాకపోవడమో... ఇవి ఎక్కడైనా ఒకటే. మన ఊళ్లలో చెరువుల్లో, కాలవల్లో పెరిగినవాళ్లు తగ్గిపోయారు. ఈత రాని పిల్లలు ఇంజినీరింగ్ పూర్తిచేసుకుని నేరుగా అమెరికా నీళ్ల ఒడ్డుకు చేరుతున్నారు. జాకెట్ వేసుకుంటే ఫొటో బాగా రాదనేవాళ్లను ఒడ్డునే కూర్చోబెట్టి వెళ్లడం ఉత్తమం. మునుగుతున్నవాళ్లకు తాడో తెడ్డో అందించాలి. జాకెట్ లేకుండా దూకితే లెక్క ఇద్దరవుతుంది.

ఈ నది మీద అసలు ప్రమాదం లోతులో లేదు, చాలాచోట్ల నడుములోతే. ప్రమాదమంతా మలుపుల్లో. నీళ్లు వేగంగా వెళ్లి మలుపు బయటి ఒడ్డును కోస్తుంటాయి. అక్కడే చెట్లు వేళ్లతో సహా నదిలోకి ఒరిగి ఉంటాయి. ఆ కొమ్మలు జల్లెడలాంటివి. నీళ్లు వెళ్లిపోతాయి, పడవా మనిషీ అక్కడే చిక్కుకుంటారు, వెనక నుంచి నది తోస్తూనే ఉంటుంది. కాబట్టి మలుపు కనిపించగానే, ఇంకా దూరం ఉండగానే, లోపలి ఒడ్డు వైపు తెడ్డు వేయడం మొదలుపెట్టాలి. దగ్గరికొచ్చాక కంగారుపడితే లాభం లేదు. పడవ రాతికి అడ్డంగా తగిలితే భయంతో రాతికి దూరంగా జరగడం సహజం. అదే తప్పు! రాతి వైపే ఒరగాలి. లేకపోతే ఎగువ అంచు కిందికి దిగి పడవ నిండా నీళ్లు. పడిపోతే పడవకు కింది వైపున ఉండకూడదు. నీళ్లు నిండిన పడవ ఏనుగంత బరువుతో వచ్చి రాతికి అదిమేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వైపు పెట్టి, నీళ్లు నెమ్మదించాకే లేచి నిలబడాలి.

పడవలో ఎవరెక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. వెనక కూర్చున్నవారే చుక్కాని. ముందున్నవారు బలం. పిల్లలు మధ్యలో, అడుగున. భార్యాభర్తలు ఒకే పడవ ఎక్కితే మొదటి అరగంటా ‘ఎడమ... ఎడమ అంటే నీ ఎడమ కాదు’ అన్న వాదనే. అది ప్రపంచమంతటా ఉన్నదే, కంగారు పడక్కర్లేదు.

ఇక వాన. బయల్దేరే ముందు ఆ ఊళ్లో ఎండగా ఉందా అన్నది కాదు చూడాల్సింది. ఎగువన రాత్రి కురిసిందా, నీటిమట్టం ఎంతుంది, పెరుగుతోందా తగ్గుతోందా? అమెరికా భూగర్భ సర్వే సంస్థ పెట్టిన కొలమానాల అంకెలు ఇంటర్నెట్‌లో గంటగంటకూ కనిపిస్తాయి. అంకెల అర్థం తెలియకపోతే పడవలవాళ్లనే అడగొచ్చు. మట్టం హద్దు దాటితే పార్కువాళ్లు నదినే మూసేస్తారు. ఎంత తేటగా ఉండే నదో అంత తొందరగా పొంగుతుంది. 2017 ఏప్రిల్ 30న వాన్ బ్యూరెన్ దగ్గర కరెంట్ నది 37 అడుగులు దాటింది. 1904 నాటి రికార్డును ఎనిమిది అడుగుల తేడాతో చెరిపేసింది. రేవుకొచ్చి చూసేసరికి నీళ్లు కాఫీ రంగులో ఉంటే, రెండున్నర గంటలు కారు నడిపి వచ్చాం కదా అని దిగకూడదు. పులిహోర ఒడ్డునే తిని వెనక్కి తిరగాలి.

ఇంత నది ఇలా వదిలేసినట్టు మిగలడం వెనక పెద్ద గొడవే జరిగింది. ఆనకట్టలు కట్టాలని కొందరు, వద్దని కొందరు. చివరికి 1964 ఆగస్టు 27న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేసిన సంతకంతో కరెంట్, దాని ఉపనది జాక్స్ ఫోర్క్ కలిపి 134 మైళ్లు జాతీయ పార్కుల సంస్థ చేతికొచ్చాయి. నదిని కాపాడటం కోసం చేసిన చట్టాల్లో ఆ దేశంలో అది ముందువరసది. ఆనకట్ట కడితే భూములు పోతాయని మనకు తెలుసు. అక్కడ ఆనకట్ట కట్టకుండా ఆపినందుకూ కొందరి భూములు పోయాయి. ఒడ్డున తరతరాలుగా ఉన్నవాళ్లు పొలాలూ ఇళ్లూ పార్కుకు ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ కోపం ఆ కుటుంబాల్లో చాలాకాలం చల్లారలేదు. పుల్‌టైట్ బుగ్గ పక్కన ఖాళీగా కనిపించే ఆ దుంగల ఇంటి ముందు ఫొటో దిగేటప్పుడు ఈ సంగతి తెలిసుండటం మంచిది.

ఒడ్డున చెట్లలోకి వెళ్లేటప్పుడు మూడేసి ఆకులున్న తీగను ముట్టుకోకూడదు. పాయిజన్ ఐవీ తగిలితే వారం రోజులు దురదే. ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో పిడుదులు పట్టాయేమో చూడాలి. తిరుగు ప్రయాణంలో సేలం ఊరు దాకా కొండదారి, దీపాలుండవు. మసకచీకట్లో జింకలు ఒక్కసారిగా రోడ్డు మీదికొస్తాయి, ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది. పెట్రోలు పొద్దున వెళ్లేటప్పుడే పోయించుకోవాలి. ఓ జత పొడి బట్టలు, నాలుగు తువ్వాళ్లు కారు డిక్కీలోనే ఉంచుకుంటే, అలసిపోయిన పెద్దవాళ్లు ఇల్లు చేరేదాకా హాయిగా నిద్రపోతారు.